శ్రీనిక నడిచిన ఎండాకాలం

మే నెల రెండో శనివారం మా శ్రీనిక కాలి కట్టు తీయించాం. అప్పటికి దానికి మూడేళ్ల ఎనిమిది నెలలు. తొడ నుంచి పాదం దాకా ఉన్న సిమెంటు కట్టును ఆరు వారాలు మోసింది. కోసే మిషన్ చప్పుడు మొదలవగానే నా మెడ చుట్టూ చేతులు బిగించి, "అమ్మా, నా కాలు కోస్తున్నరు" అని ఒకటే ఏడుపు. డాక్టర్ డేవిడ్ రాజు గారు మిషన్ ఆపి, మళ్లీ తిప్పి, దాన్ని తన అరచేతికి ఆనించి చూపించారు. "చూడు తల్లీ, నన్నే కోస్తలేదు. నిన్నెట్ల కోస్తది?" అన్నారు. అది చూస్తేగా! కళ్లు గట్టిగా మూసుకుంది.

కట్టు రెండు చిప్పలుగా విడిపోయింది. లోపలి కాలు చూసి మా ఆయన విజయేందర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. సన్నగా పుల్లలా ఉంది. చర్మం పొట్టు పొట్టుగా రేగిపోయి, పైన నల్లని నూగు. నేను మారేడ్‌పల్లిలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. పదకొండేళ్లుగా విరిగిన కాళ్లూ చేతులూ చూడటమే నా ఉద్యోగం. అయినా ఆ కాలు మీద చప్పున నా చెయ్యి కప్పేశాను.

"ఎముక మంచిగ అతుక్కున్నదమ్మా. ఇంక పరేషాన్ లేదు" అన్నారు డాక్టరు.

"నడిపించాలంటే ఏం చెయ్యాలె సార్?"

"మీరు నడిపించేదేం లేదు. అదే నడుస్తది. ముందు భయం పోవాలె. రెండు వారాలు పట్టచ్చు, నాలుగు పట్టచ్చు. బలవంతం మాత్రం చెయ్యకండి."

లాలాగూడలో మా ఇల్లు చేరేసరికి మా అత్తమ్మ శారదమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. పిల్లను చూసి రెండడుగులు ముందుకు వేసి, నన్ను చూసి ఆగింది.

"తీసిన్రా బిడ్డా?"

"తీసిన్రు."

శ్రీనిక నా భుజం మీది నుంచి "బాపమ్మా" అని చేతులు చాచింది. అత్తమ్మ రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుని, "లోపలికి పో బంగారం, ఎండగ ఉంది" అంటూ పక్కకు తప్పుకుని మాకు దారి ఇచ్చింది.

ఆమె అలా ఎందుకు తప్పుకుందో చెప్పాలి. ఏప్రిల్ మొదటివారంలో ఒకరోజు పొద్దున్నే సగ్గుబియ్యం వడియాలు పెట్టడానికి ఆమె బంగ్లా మీదికి వెళ్లింది. పిల్ల వెంట వెళ్లింది. దిగేటప్పుడు ఎత్తుకోమని మారాం చేస్తే చంకన వేసుకుని దిగింది. చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడ్డాయి. ఆరు మెట్ల మీది నుంచి ఇద్దరూ కింద పడ్డారు. డ్యూటీకి బయల్దేరుతున్న నేను ఆ చప్పుడుకు పరుగెత్తాను. అత్తమ్మ మెట్ల కింద సగం లేచి కూర్చుని "నా పిల్ల, నా పిల్ల" అంటోంది. పిల్ల కాలు ఒంటి కింద మడతపడి ఉంది. ఆమె ఒళ్లోంచి పిల్లను లాక్కుని రోడ్డు మీదికి పరుగెత్తాను. ఆమె వంక మళ్లీ చూడలేదు.

మోకాలి కింద పెద్ద ఎముక మెలితిరిగి విరిగిందని ఆస్పత్రిలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఫిల్మ్ వెలుతురుకు పట్టగానే నాకే కనిపించింది. సాయంత్రం కట్టుతో ఇంటికి తెచ్చాం. గుమ్మంలో అత్తమ్మ ఎదురొచ్చి పిల్ల తల నిమరబోయింది. నేను ఒకడుగు వెనక్కి వేశాను.

"ఇంకోసారి నా పిల్లను ముట్టకున్రి అత్తమ్మా. మీకు దండం పెడ్త. ముట్టకున్రి."

గట్టిగా కూడా అనలేదు. అరిచి ఉంటే కోపంలో అన్నాననుకునేదేమో. నెమ్మదిగా, బాగా ఆలోచించుకుని అన్నట్టుగా అన్నాను. విజయేందర్ మందుల సంచి పట్టుకుని పక్కనే ఉన్నాడు. సంచి పెట్టడానికి లోపలికి వెళ్లాడు.

"సరే బిడ్డా" అంది అత్తమ్మ.

ఆ మాట ఆమె నిలబెట్టుకుంది. ఆ ఆరు వారాల్లో పిల్లకు ఒక ముద్ద పెట్టలేదు, తల దువ్వలేదు. పడుకున్న మంచం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని కబుర్లు చెప్పేది, అంతే. నేను పొద్దుటి డ్యూటీ, విజయేందర్ మధ్యాహ్నం షిఫ్టు వేయించుకున్నాం. పిల్ల ఆమెతో ఒంటరిగా ఉండే గంట ఒక్కటి కూడా రాకుండా చూసుకున్నాను. అది ఆమెకు తెలుసు. ఎప్పుడూ అడగలేదు.

కట్టు తీసిన మర్నాడు గోరువెచ్చని నీళ్ల టబ్బులో శ్రీనికను కూర్చోబెట్టి కాలు నానబెట్టాను. పొట్టు ఊడి నీళ్ల మీద తేలింది. కొబ్బరినూనె రాశాను. తర్వాత చంకల కింద పట్టుకుని నిలబెట్టబోయాను. ఎడమకాలు నేలకు ఆనగానే కెవ్వున అరిచి, దాన్ని పైకి ముడుచుకుంది.

"నొస్తుందా?"

"ఊహూ."

"మరి?"

మొహం నా భుజంలో దాచుకుంది. రెండోరోజు, మూడోరోజు అదే. ఎక్కడికి పోవాలన్నా పిర్రల మీద జరుగుతూ పోయేది. వంటింట్లోకి, బాల్కనీలోకి, టీవీ దగ్గరికి. ఎంత వేగంగా జరిగేదంటే నేను దాన్ని పట్టుకోవడానికి వంగేలోపు గది దాటిపోయేది. చాక్లెట్ ఎదురుగా పెట్టి, నిలబడితే ఇస్తానన్నాను. జరుగుతూ వచ్చి తీసుకుంది. ఐదోరోజు నాకు ఓపిక నశించింది. డ్యూటీ నుంచి వచ్చి ఉన్నాను, ఒళ్లంతా చెమట, కరెంటు లేదు. దాన్ని లేపి గోడకు ఆనించి నిలబెట్టి, రెండు మోకాళ్లూ నా చేతులతో గట్టిగా పట్టుకున్నాను.

"నిలబడు. ఏం కాదు. నిలబడంటున్నా!"

ఏడ్చి ఏడ్చి దాని మొహం కందిపోయింది. వెక్కిళ్ల మధ్య అంది: "అది నా కాలు కాదమ్మా."

"ఏందీ?"

"నా కాలు దవాఖానల ఉంది. డాక్టర్ తాత కోసి దాసుకున్నడు. గిది నాది కాదు."

నా చేతులు వదులైపోయాయి. అది జారి నేల మీద కూర్చుంది. ఆ తెల్లని బరువైన కట్టే తన కాలనుకుంది. కళ్లు తెరిచేసరికి అది రెండు చెక్కలై అవతల పడి ఉంది. మిగిలిన ఈ సన్నని, నూగు పట్టిన కాలు ఎవరిదో దానికి తెలియలేదు. ఐదు రోజుల నుంచి నేను దాన్ని ఎవరిదో కాలు మీద నిలబడమని అరుస్తున్నాను.

అత్తమ్మ గుమ్మం అవతల నిలబడి అంతా వింది. లోపలికి రాలేదు. అక్కడి నుంచే అంది.

"వసుధా, జెర ఒక మాట చెప్తా, ఏమనుకోకు. కట్టు వేసేటప్పుడు దవాఖానల దాని పట్టగొలుసులు తీసినవ్ గదా. అవి పెట్టు. రెండు కాళ్లకూ పెట్టు. గొలుసు దానిదే అని తెలుసు గదా, కాలు సుత దానిదే అని తెలుస్తది."

నేను లేచి బీరువాలోంచి పట్టగొలుసులు తీశాను. కుడికాలికి పెట్టాను. ఎడమకాలికి పెట్టాను. సన్నబడిన కాలు కాబట్టి అది మడమ దాకా జారింది. శ్రీనిక ఏడుపు ఆపి చూసింది. వేలితో గొలుసును ఒకసారి లాగింది. కాసేపు ఆగి, బొటనవేలు కదిపింది. తన కాలివేళ్లు తను అనుకుంటే కదులుతాయని ఆ క్షణంలోనే కనుక్కున్నట్టు, మళ్లీ కదిపింది.

ఆ తర్వాత వారం రోజులు నేను దాన్ని నిలబెట్టలేదు. స్నానం చేయించేటప్పుడు "ఇది ఎవరి మోకాలు? ఇది ఎవరి పిక్క?" అని అడిగేదాన్ని. మొదట నవ్వేది కాదు. తర్వాత "నాదే" అనడం మొదలుపెట్టింది. మే నెలాఖరుకు దివాన్ అంచు పట్టుకుని తనంతట తను లేచింది. బరువంతా కుడికాలి మీదే. రెండ్రోజులకు దివాన్ పట్టుకుని పక్కకు ఒక అడుగు, మళ్లీ ఒక అడుగు. చెయ్యి వదిలితే కూర్చుండిపోయేది. నేను చప్పట్లు కొడితే ఆగిపోతోందని, చూడనట్టు నటించడం నేర్చుకున్నాను.

ఆ రోజుల్లోనే అత్తమ్మ మీద నాకు ఇంకో కోపం పెరిగింది. ఆమె జొన్నరొట్టెలు చేయడం మానేసింది. నలభై ఏళ్లుగా ఏ పూటా తప్పని రొట్టెలు. కాలం చేసిన మా మామ బ్రహ్మచారి గారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో వడ్రంగి పని చేసినన్నాళ్లూ, వేడివేడి రొట్టెలు డబ్బాలో పెట్టి పంపేదట. ఇప్పుడు పొద్దున్నే అన్నం కుక్కర్ పెట్టి ఊరుకుంటోంది. జుట్టు సరిగా ముడి వేసుకోదు, ఒక రబ్బరు బ్యాండు తగిలించుకుంటుంది. చెంచాతో అన్నం తింటుంది. ఒకసారి స్టీలు గ్లాసు ఆమె చేతిలోంచి జారి వంటింటి నిండా మజ్జిగ అయింది.

"అమ్మకేమైంది? రొట్టెలు చేస్తలేదేంది?" అని విజయేందర్ అడిగాడు.

"అలిగింది. నా మీద" అన్నాను. "పిల్లను పడేసింది ఆమె. అలిగేది కూడా ఆమెనే."

జూన్ మొదటి ఆదివారం. మధ్యాహ్నం. ఆకాశం మబ్బేసి గాలి తిరిగింది. అత్తమ్మ ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని ఎడమచేత్తో చింతచిగురు ఏరుతోంది. విజయేందర్ కిటికీలు మూస్తున్నాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చెయ్యి తుడుచుకుంటున్నాను. శ్రీనిక దివాన్ పట్టుకుని ఉంది.

"బాపమ్మా, ఇటు చూడు" అంది.

చెయ్యి వదిలింది.

ఒక అడుగు వేసింది. ఎడమకాలు కొద్దిగా బయటికి తిప్పి రెండో అడుగు. మేం ముగ్గురం ఊపిరి తీసుకోలేదు. మూడు. నాలుగు. అత్తమ్మ చాట కింద పెట్టింది. ఆమె చేతులు ఒళ్లోంచి లేచాయి, పిల్ల వైపు. అప్పుడు తలెత్తి నన్ను చూసింది. చేతులు మళ్లీ ఒళ్లోకి దించుకుంది.

ఐదో అడుగుకు పిల్ల ఎడమ మోకాలు మడతపడింది. ముందుకు తూలి, అత్తమ్మ మోకాలికి గడ్డం కొట్టుకుని నేల మీద పడింది. అత్తమ్మ కుర్చీలో అలాగే, చేతులు ఒళ్లో బిగించుకుని కూర్చుని ఉంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"పట్టుకోలేదేంది అత్తమ్మా!" నేను అరిచాను. "చేతికి అందేంత దూరంల ఉన్నది గదా! ఎందుకు పట్టుకోలే?"

ఆమె నా వైపు అయోమయంగా చూసింది. "నువ్వు ముట్టొద్దన్నవ్ గదా బిడ్డా" అంది.

ఎత్తిపొడుపు కాదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే.

బయట చినుకులు మొదలయ్యాయి. శ్రీనిక ఏడుస్తూ, "బాపమ్మ పట్టుకోలే, బాపమ్మ పట్టుకోలే" అంటోంది.

"ఎత్తుకోన్రి" అన్నాను. "ఎత్తుకోన్రి అత్తమ్మా."

ఆమె వంగింది. ఎడమచెయ్యి పిల్ల నడుం చుట్టూ వేసి ఒళ్లోకి లాక్కుంది. కుడిచెయ్యి సాయానికి రాలేదు. కొంగు జారింది. రెండు నెలలుగా కొంగు చాటున దాచుకుంటూ వచ్చిన ఆ చేతిని అప్పుడు సరిగా చూశాను. మణికట్టు దగ్గర ఎముక పైకి పొంగి, అరచెయ్యి ఒక పక్కకు ఒరిగి ఉంది. రోజుకు రెండు మూడు చూస్తాను అలాంటివి. పడేటప్పుడు చెయ్యి ఆనించిన పెద్దవాళ్లకు విరిగేది అక్కడే. ఏ మెషీనూ లేకుండా, గది అవతలి నుంచి చెప్పగలను.

మర్నాడు ఆమెను నాతో సెంటర్‌కు తీసుకెళ్లాను. ఎక్స్‌రే గదిలో స్టూలు మీద కూర్చోబెట్టి, ఆమె కుడిచేతిని నా రెండు చేతులతో తీసుకుని ప్లేటు మీద పెట్టాను. వేళ్లు చల్లగా ఉన్నాయి.

"నొస్తుందా?"

"ఇప్పుడు గంత లేదు. మొదట్ల నొచ్చేది."

"పిల్ల పడ్డ రోజు నుంచేనా?"

"ఊఁ."

"రెండు నెలలు అత్తమ్మా. ఒక్కసారన్న చెప్పాలె గదా."

"పిల్ల కాలు ఇరగ్గొట్టి, నా చెయ్యి నొస్తుందని ఏ మొకం పెట్టుకొని చెప్పాలె?" అంది. ప్లేటు మీద ఉన్న చేతిని చూసుకుంటూ, నెమ్మదిగా, "పడేటప్పుడు పిల్ల తల మెట్టుకు తగుల్తదేమోనని తల కింద చెయ్యి పెట్టిన. తలకేం కాలే. కాలు సంగతే చూసుకోలే బిడ్డా. అంతే తప్పయింది" అంది.

నేను కంట్రోల్ గది అద్దం వెనక్కి వెళ్లాను. రోజుకు నలభైసార్లు అనే మాటే అన్నాను. "కదలకున్రి."

చేతి ఎక్స్‌రేకు ఊపిరి బిగబట్టక్కర్లేదు. ఆమె బిగబట్టింది. కళ్లు కూడా మూసుకుంది. నేను బటన్ నొక్కాను. స్క్రీన్ మీద ఎముకలు వచ్చాయి. విరిగిన చోట కొత్త ఎముక తెల్లగా, వంకరగా, గట్టిగా అల్లుకుపోయి ఉంది. ఆ ఎముక అతుక్కున్న రోజులన్నీ నేను అదే ఇంట్లో ఉన్నాను.

"అయిందా?" అని ఆమె లోపలి నుంచి అడిగింది. "ఊపిరి వదల్నా?"

అదే వారం డేవిడ్ రాజు గారికి చూపించాం. ఆయన ఫిల్మ్ చాలాసేపు చూసి, ఆమెను కాకుండా నన్ను చూశారు. "మొదటి వారంల వస్తే మనవరాలి లెక్కనే కట్టు కడుతుంటిమి, అయిపోతుండె. ఇప్పుడు సరిచెయ్యాలంటే ఆపరేషన్ చేసి మళ్లా విరగ్గొట్టాలె. ఈమెకు షుగరున్నది" అన్నారు.

"వద్దు సార్" అంది అత్తమ్మ వెంటనే. "పిల్ల నడుస్తున్నది. నాకు చాలు."

ఇంటికొచ్చాక విజయేందర్ తల్లి ముందు కింద కూర్చుని, "నాకన్నా చెప్పచ్చు గదమ్మా" అన్నాడు. "నీకు రెండు దిక్కుల తక్లీఫ్ ఎందుకని" అంది ఆమె. అతను లేచి సంపు దగ్గరికి వెళ్లి, పైపు విప్పి, మొక్కలకు నీళ్లు పోశాడు. అప్పటికి వాన పడి గంట కూడా కాలేదు.

ఆ తర్వాత శ్రీనిక నడక రోజురోజుకూ మెరుగుపడింది. జూన్ మధ్యలో స్కూలు తెరిచేసరికి గది ఈ చివర నుంచి ఆ చివరకు పడకుండా వెళ్లేది. కుంటు జులై దాకా ఉంది. ఒకరోజు లేదు. ఏ రోజు పోయిందో మాలో ఎవరమూ గమనించలేదు.

అత్తమ్మ తల ఇప్పుడు నేనే దువ్వుతున్నాను. రోజూ పొద్దున నా స్నానం అయ్యాక ఆమె స్టూలు మీద కూర్చుంటుంది. పల్చటి నెరిసిన జుట్టు, ముడి వేయడానికి రెండు నిమిషాలు చాలు. మొదటి రోజుల్లో ఒకసారి దువ్వెన ఆపి అన్నాను.

"అత్తమ్మా. నేనా దినం గట్ల అనకపోవాల్సింది."

"ఏ దినం?"

"పిల్లకు కట్టు వేయించి తెచ్చిన రోజు."

వర్క్‌షాపు సైరన్ మోగి ఆగింది.

"నాకు యాదిలేదు" అంది. కొంచెం ఆగి, "తల్లివి. అంటవ్. నీ జాగల నేనున్నా అందును" అంది.

ఆ మాటతో అయిపోయిందనుకున్నాను. అయిపోవాలని కోరుకున్నాను.

ఇప్పుడు శ్రీనిక ఒకటో తరగతికి వచ్చింది. కాలు విరిగిన సంగతి దానికి గుర్తు లేదు. చెబితే కథ అనుకుంటుంది. నిన్న స్కూలు వ్యాను దిగేసరికి గేటు ముందు మోకాలెత్తు వాననీళ్లు. గొడుగు పట్టుకుని అత్తమ్మ ఎదురెళ్లింది. నేను వరండాలో ఉన్నాను. బూట్లు తడుస్తాయని శ్రీనిక వ్యాను మెట్టు మీదే నిలబడి రెండు చేతులూ చాచింది.

"బాపమ్మా, ఎత్తుకో!"

అత్తమ్మ గొడుగును మెడకూ భుజానికీ మధ్య ఇరికించింది. ఎడమచెయ్యి సగం లేపింది. ఆగి, వెనక్కి తిరిగి, వానలోంచి నన్ను చూసింది.

నన్ను అడగక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ "సరే బిడ్డా" అంటుంది. ఆ చూపు ఆమెకు తెలిసి చూసేది కాదు, అందుకే మానలేదు.

వ్యాను డ్రైవర్ హారన్ కొట్టాడు.

"ఎత్తుకోన్రి అత్తమ్మా" అన్నాను.

అప్పుడు ఎత్తుకుంది.